కుక్కలు రాకుండా పెరటికి కర్ర దడి: నా అనుభవం

ప్రకాశం జిల్లా సింగరాయకొండలో మా ఇంటి వెనక పెరడు 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు ఉంటుంది. ఒక పొడవుకు ఇంటి గోడ, ఒక వెడల్పుకు పక్కవారి ప్రహరీ అడ్డుగా ఉన్నాయి; మిగిలిన రెండు వైపులూ, అంటే 65 అడుగుల మేర, మొన్నటి దాకా బయలుగానే ఉండేవి. ఆ 65 అడుగులకు కర్రలతో దడి కట్టించే పనిని 2025 సెప్టెంబరులో మొదలుపెట్టి నవంబరు మూడో వారంలో ముగించాము. పది రోజుల్లో అయిపోతుందనుకున్న పని అంతకాలం ఎందుకు పట్టిందో, 12 వేలనుకున్న ఖర్చు 21 వేలకు ఎలా చేరిందో చెబితే ఇటువంటి పని తలపెట్టేవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

ఆగస్టులో వంగ, మిరప నారు నాటి, రెండు మడుల్లో బెండ గింజలు వేశాను. మా వైపు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లోనే కురుస్తాయి కనుక ఆగస్టు ఎండ వేసవి ఎండకు పెద్దగా తీసిపోదు. సాయంత్రం నీరు పెట్టిన ఇసుక మడి రాత్రంతా చల్లగా ఉంటుంది. వీధికుక్కలకు అంతకంటె మంచి పడక ఎక్కడ దొరుకుతుంది? అవి మొక్కలను తినవు, కావాలని పాడు చేయవు. పైనున్న ఎండిన ఇసుకను ముందుకాళ్లతో తోడి, తడి తగలగానే అందులో ముడుచుకుని పడుకుంటాయి. ఆ తోడడంలోనే నారు వేళ్లతో సహా లేచిపోతుంది. పైగా మా అత్తయ్య చేపలు కడిగిన నీళ్లు, పొలుసు, తలకాయలు కరివేపాకు మొదట్లో పూడ్చిపెడతారు. చెట్టు ఏపుగా ఉన్న మాట నిజమే గాని, ఆ వాసనకు వీధి చివరి కుక్కలు కూడా మా పెరటి దారి పట్టాయి. బ్యాంకుకు వెళ్లే తొందరలో ఉదయం పెరటి తలుపు తీసి, రాత్రికి రాత్రి తల్లకిందులైన మిరప మడిని చూసినప్పుడు కలిగే కోపం చిన్నది కాదు.

దడి కంటె ముందు అందరూ చేసేవన్నీ మేమూ చేశాము. నీలిమందు కలిపిన నీళ్ల సీసాలు గట్ల మీద వరుసగా పెట్టాము. ఒక కుక్క ఆ సీసాకే వీపు ఆనించి పడుకున్నది. మా వారు చిల్లకంప కొట్టించి రెండు వైపులా వేయించారు. అది కొన్నాళ్లు పని చేసింది గాని, ఎండిన ముళ్లు గాలికి మడుల్లోకి రాలి, కలుపు తీసే చేతులకు గుచ్చుకోసాగాయి. పంచాయతీలో తెలిసిన ఒకరిని అడిగితే, 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కలను పట్టి ఆపరేషన్, టీకాలు చేయించినా మళ్లీ పట్టిన చోటే వదలాలని, వేరే ఊరికి తరలించడం కుదరదని ఓపికగా చెప్పారు. కనుక కుక్కలు ఇక్కడే ఉంటాయి, పెరడూ ఇక్కడే ఉంటుంది, రెంటికీ మధ్య ఒక అడ్డు ఉండాలన్న నిర్ణయానికి వచ్చాము.

గోడ ఎందుకు కట్టలేదని చాలామంది అడిగారు. మా పెరటి వెనక స్థలం మా మరిది వాటాలోనిది. రెండు మూడేళ్లలో ఆయన అక్కడ ఇల్లు కట్టుకుంటారు. అప్పుడు పడగొట్టే గోడకు లక్ష పైచిలుకు పెట్టడం మాకు ఇష్టం లేకపోయింది. రాతి కూసాలు పాతి ఇనుప జాలీ బిగించడానికి ఒకరు 34 వేలు చెప్పారు. కర్ర దడి అయితే ఊడదీసి మరోచోట వేసుకోవచ్చు, చివరికి పొయ్యిలోకైనా పనికొస్తుంది.

వడ్రంగి మేస్త్రి సెప్టెంబరు మధ్యలో వచ్చి, తాడు పట్టి కొలతలు తీసుకున్నారు. ఆరడుగులకొక గుంజ చొప్పున గేటు గుంజతో కలిపి 13 గుంజలు, వాటికి రెండు వరుసల అడ్డపట్టీలు, పట్టీలకు రెండంగుళాల సందుతో నాలుగడుగుల నిలువు కర్రలు. ఇదీ లెక్క. నిలువు కర్రలు రెండు వందల దాకా పట్టాయి. మొత్తం సరుగుడుతోనే చేయించవచ్చు కదా, మన చుట్టూ సరుగుడు తోటలే కదా అని నేనంటే, "సరుగుడు పైన ఎన్నాళ్లయినా ఉంటాదమ్మా, భూమిలో పెడితే మాత్రం రెండు మూడేళ్లకే పుచ్చిపోతాది. గుంజలకు తాటి ఎతకండి" అన్నారు. ముదురు తాటిమాను బయటి చేవకు చెదలు అంత సులభంగా పట్టవన్న సంగతి పాత ఇళ్లు చూసినవారందరికీ తెలుసు. ఒక పెంకుటిల్లు పడగొట్టిన చోట తాటి వాసాలు అమ్ముతున్నారని విని వెళ్లి, ఆరడుగుల ముక్కలు ఒక్కొక్కటి 260 రూపాయల చొప్పున తీసుకున్నాము. ఏనాటివో తెలియని ఆ వాసాల్లో ఒక్కదానికీ పుచ్చు లేదు. వాటిలో విరిగి ఉండిపోయిన పాత మేకులను పీకించడానికి మాత్రం ఒక పూట పట్టింది. వాటిని పీకకుండా రంపానికి ఇస్తే పళ్లు పోతాయని ఏ కోత మిల్లు వారూ ముట్టుకోరు.

నిలువు కర్రలకు కలప అడితిలో సన్నని సరుగుడు బొంగులు చెప్పాము. ఒక్కొక్కటి 12 అడుగులు, 45 రూపాయలు. ఒకదానికి మూడు ముక్కలు వస్తాయి. మా సరుకు తోట నుంచి కొట్టి తేవడానికి వారం పైగా పట్టింది. వచ్చినవి పచ్చి కర్రలు. అప్పటికప్పుడు కొట్టేస్తారనుకున్న నాకు మేస్త్రి రెండు పనులు చెప్పారు: పచ్చిగా ఉన్నప్పుడే బెరడు చెక్కించాలి, ఆపైన కనీసం మూడు వారాలు నీడలో ఆరబెట్టాలి. బెరడు పచ్చిమీద కొడవలి అంచుకు పట్టీలు పట్టీలుగా ఊడివస్తుంది. ఎండితే మానుకు కరుచుకుని చిత్రిక పట్టవలసి వస్తుంది. ఊడదీయకుండా వదిలితే బెరడు కింద పురుగు చేరి, కర్రంతా తెల్లటి పొడి రాలుస్తుందట. పచ్చి కర్ర ఎండినప్పుడు కుంచించుకుపోతుంది కనుక ముందే కొడితే మేకులు వదులవుతాయి, పైన పూసిన నూనె లోపలికి ఇంకదు. ఎండలో పెడితే నిలువునా పగుళ్లిస్తుంది. ఆ మూడు వారాలూ మా వెనక వసారా నిండా కర్రలే. బట్టలారేయడానికి చోటులేక అత్తయ్య విసుక్కున్నారు. మిగిలిన మిరప మొక్కలు ఈలోగా రోజుకొకటి పోతున్నాయని నేను విసుక్కున్నాను. అయినా ఈ ఆరబెట్టడం ఒక్కటీ మానుకోవద్దని నా సలహా. తొందరపడి పచ్చి కర్రలతో గొడ్ల చావడికి దడి కట్టుకున్న మా వీధివారి కర్రలు నెల తిరగకుండానే మెలితిరిగి మేకుల నుంచి బయటికి వచ్చేశాయి.

దసరా పోయింది. ఆయుధపూజ నాడు పనిముట్లు దేవుడి ముందు పెట్టిన మేస్త్రి, ఆ తరువాత ఒక పెళ్లివారింటి పని ఒప్పుకుని, దీపావళి దాటాక గాని మాకు దొరకలేదు. నాకు సెలవు దొరికేది ఆదివారాలు, రెండో, నాలుగో శనివారాలు మాత్రమే కనుక అక్టోబరు 25, శనివారం నాడు గుంజలు పాతడానికి ముహూర్తం కుదిరింది. అప్పటికే బంగాళాఖాతంలో తుపాను వస్తుందని టీవీలో చెబుతున్నారు. వాయిదా వేద్దామా అని అడిగితే, వాన పడితే గుంతల్లో నీళ్లు నిలుస్తాయని, ముందే పాతేస్తే మేలని ఆయన అన్నారు.

పాతడానికి ముందు ప్రతి గుంజకు అడుగునుంచి రెండున్నర అడుగుల మేర తారు పూశారు. భూమిలోకి వెళ్లేది రెండడుగులే అయినా, పైన అరడుగు కూడా పూయాలి. కర్ర పుచ్చిపోయేది లోతున కాదు, గాలీ తడీ రెండూ తగిలే నేలమట్టం దగ్గరే. గుంతలు తవ్వడంలో నాకు తెలియని విషయం ఒకటి బయటపడింది. మా ఇసుకలో గడ్డపారతో అడుగు లోతు తవ్వేసరికి పక్కలు జారి గుంత పూడిపోతుంది. అందుకని మేస్త్రి చెప్పినట్టు ముందు రోజు రాత్రే ప్రతి గుర్తు దగ్గరా రెండేసి బిందెల నీళ్లు పోసి ఉంచాము. తెల్లవారేసరికి తడి ఇంకి ఇసుక గట్టిపడి, గుంతలు బావి ఒరల మాదిరిగా నిలువుగా దిగాయి. సిమెంటు కాంక్రీటు వేయమని మా వారు పట్టుబట్టారు గాని మేస్త్రి ఒప్పుకోలేదు. సిమెంటు గిన్నెలో కర్ర నిలబెడితే, కర్ర ఎండి సందు ఇచ్చినప్పుడు అందులో నీరు దిగి బయటికి పోయే దారి లేక నిలిచిపోతుందని చెప్పారు. బదులుగా ఇటుక ముక్కలు, గ్రావెల్ కొద్దికొద్దిగా వేస్తూ గడ్డపార మొద్దు కొసతో దిమ్మిస చేశారు. రెండు చివరి గుంజలు ముందు నిలిపి, వాటి మధ్య పురికొస లాగి, మిగిలినవి ఆ దారానికి సరిచూసి నిలిపారు.

మొంథా తుపాను 28వ తేదీ రాత్రి కాకినాడ, మచిలీపట్నం మధ్య తీరం దాటింది. అంత దూరాన దాటినా మా జిల్లాలోనూ కుండపోతగా కురిసింది. కరెంటు లేని ఆ రాత్రి కిటికీలోంచి టార్చి వేసి చూస్తే గుంజలు నీళ్లలో నిలబడి కనిపించాయి. ఇంకా అడ్డపట్టీలు పడలేదు కనుక ఏదానికదే ఒంటరిగా ఉన్నాయి. నీరు తీశాక పల్లంలో ఉన్న మూడు గుంజలు బయటికి ఒరిగాయి, మిగిలిన వాటి చుట్టూ వేలు దూరేంత సందు ఏర్పడింది. ఖర్చంతా నీటిపాలైందని నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మేస్త్రి వచ్చి చూసి మాత్రం సంతోషించారు. "దిగాల్సిన మన్ను ఇప్పుడే దిగిందమ్మా. దడి కట్టినాక దిగితే మొత్తం ఊడదీయాల్సి వచ్చేది" అన్నారు. ఆ మూడింటినీ తీసి తిరిగి పాతి, మిగిలిన సందుల్లో గ్రావెల్ కూరి మళ్లీ దిమ్మిస చేశారు. ఒక కూలీ ఖర్చు అదనంగా పడింది.

నవంబరు 8, 9 తేదీల్లో పట్టీలు, కర్రలు బిగించారు. పట్టీలు జామాయిల్ రీపర్లు, అంటే మిల్లులో తిన్నగా కోసిన బద్దలు, అడుగు 24 రూపాయలు. కింది పట్టీ నేలకు తొమ్మిదంగుళాల ఎత్తున, పైది నిలువు కర్రల కొసకు ఆరంగుళాల కింద వచ్చింది. ఎండిన సరుగుడులోకి మేకు నేరుగా దిగదు. వంగుతుంది, లేదా కర్రను చీలుస్తుంది. అందుకని ప్రతి కర్రకు ముందు డ్రిల్లుతో సన్నని రంధ్రం వేసి ఆ తరువాత మేకు కొట్టారు. రెండు వందల కర్రలకు రెండేసి చొప్పున రంధ్రాలంటే సగం కాలం దానికే పోయింది. సముద్రపు ఉప్పుగాలికి మామూలు మేకులు ఏడాదికే తుప్పుపట్టి కర్ర మీద నల్లని చారలు దించుతాయి కనుక జీఐ మేకులు, అంటే జింకు పూత ఉన్న ఇనుప మేకులు, వాడించాను. ధరలో తేడా పెద్దగా లేదు. వీటికి, గేటు బందులకు, గడియకు కలిపి 900 అయింది.

దడి చూడడానికి ముచ్చటగా ఉంది. వీధిలో పోయేవారు ఆగి చూశారు. ఆ వారంలోనే రెండు దారుల్లో కుక్కలు లోపలికి వచ్చాయి.

మొదటివి పిల్లలు. అక్టోబరు మధ్యలో వెనక స్థలంలో ఈనిన కుక్క పిల్లలకు అప్పుడప్పుడే నడక వచ్చింది. మేస్త్రి పెట్టిన రెండంగుళాల సందు పెద్దకుక్కల లెక్కకు సరిగ్గా సరిపోయింది గాని, సరుగుడు కర్రలు రీపర్ల వలె తిన్నగా ఉండవు కదా. వంకర ఉన్న చోట సందు మూడంగుళాలు దాటింది. పిల్లలు అందులోంచి దూరి వంగ మడిలో చేరేవి, తల్లి బయట నిలబడి ఏడ్చేది. ఆ ఏడుపు వింటూ పడుకోవడం కుక్కలు మడిని తవ్వడం కంటె కష్టమైంది. రాత్రి లేచి, చెప్పులు వేసుకుని, పిల్లలను ఒక్కొక్కటిగా దడి మీదుగా అందించే పని నాది; తల్లి నన్ను కరవకుండా అటుపక్క నిలబడి అన్నం పెట్టే పని అత్తయ్యది. రెండో దారి పెద్దకుక్కలది. పక్కవారి ప్రహరీకి మా చివరి గుంజ ఆనే మూల దగ్గర నేలను తవ్వి, పొట్ట ఆనించుకుని కిందుగా వచ్చేవి. నాలుగడుగుల ఎత్తు సరిపోదేమో, ఎగిరి దూకుతాయేమో అని పని మొదలైనప్పటి నుంచి మేము బెంగపడుతూనే ఉన్నాము. ఇంతవరకు ఒక్క కుక్క కూడా పైనుంచి దూకలేదు. వచ్చినవన్నీ కిందినుంచో, సందులోంచో వచ్చినవే. దడి ఎత్తు మరో అడుగు పెంచే డబ్బు ఉంటే దాన్ని నేలమట్టం దగ్గర ఖర్చు పెట్టండని అడిగినవారందరికీ అందుకే చెబుతున్నాను.

దానికి చేసిన ఏర్పాటు ఇది. రెండడుగుల వెడల్పున్న జీఐ వెల్డ్ మెష్, అంటే తీగలను అతికించి చేసిన గట్టి ఇనుప జాలీ, 65 అడుగులు తెచ్చాము. అడుగు 34 చొప్పున 2,210 రూపాయలు. కోళ్ల జాలీ అయితే ఇంకా చవకే గాని కుక్క గోళ్లకు అది ఆగదని దుకాణదారే చెప్పారు. ఆ మెష్‌ను మధ్యకు మడిచి, ఒక అడుగు దడికి నిలువుగా కొట్టి, మిగిలిన అడుగును దడి బయటివైపు నేల మీద పరిచి, దాని మీద నాలుగంగుళాల మట్టి కప్పారు. లోతుగా కందకం తవ్వి నిలువునా పూడ్చనవసరం లేదు. కుక్క ఎప్పుడూ దడి మొదట్లోనే తవ్వుతుంది, అక్కడ కాలికి ఇనుము తగులుతుంది. ఒక అడుగు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. తవ్విన గుర్తులు తరువాత రెండు మూడు చోట్ల కనిపించాయి, అన్నీ మెష్ దగ్గరే ఆగిపోయాయి. ప్రహరీ మూలలో మాత్రం మెష్‌తో పాటు ఒక రాయి కూడా నిలబెట్టాము.

గేటు నవంబరు 16న పెట్టారు. ఎరువు తట్టతో మనిషి దూరేందుకు మూడడుగుల వెడల్పు చాలు. గేటు కర్రకు అడ్డంగా ఏటవాలు బద్ద వేసేటప్పుడు అది కింది బందు మూల నుంచి గడియ ఉన్న పై మూలకు వెళ్లాలి; అప్పుడే గేటు బరువు కింది బందు మీదికి దిగుతుంది. తిరగవేసి కొడితే కొద్ది నెలలకే గేటు ముక్కు నేలకు రాసుకుంటుంది. గేటు బయటికే తెరుచుకునేలా పెట్టించాను, ఎందుకంటే కుక్క ముట్టెతో నెట్టేది లోపలికే. నెట్టినకొద్దీ గేటు గుంజకు మరింత ఆనుకుంటుంది. గేటు కింద నేల తొక్కుడుకు గుంత పడుతుంది కనుక అక్కడ చీమకుర్తి గ్రానైటు ఫ్యాక్టరీల దగ్గర దొరికే పనికిరాని ముక్కలు రెండు తెప్పించి పరిపించాము. గడియ వేయడం ఇంట్లో ఎవరికీ గుర్తుండదని తెలుసు కాబట్టి, పాత సైకిలు ట్యూబు ముక్కను గేటుకూ గుంజకూ లాగి కట్టారు. వదిలిపెడితే దానంతటదే మూసుకుంటుంది. ఇది మేస్త్రి కుర్రవాడి ఆలోచన. మొత్తం పనిలో పైసా ఖర్చు లేనిది, నాకు అన్నింటికంటె నచ్చినది ఇదే.

చివరగా రెండు సార్లు లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పూశాము. ఒక పూత ఆరడానికి ఆ తడి వాతావరణంలో మూడు రోజులు పట్టింది. రంగుల దుకాణంలో ఒక హెచ్చరిక చేశారు: నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, విప్పి ఆరవేసి ఆపైన పారేయాలి. ఇంట్లో గ్యాసు బండ పక్కనే పాత గుడ్డలు పడేసే అలవాటున్న మాకు ఆ మాట చెప్పినందుకు ఆ దుకాణదారుకు రుణపడి ఉన్నాను.

ఖర్చు విషయం. తాటి గుంజలు 3,380, సరుగుడు 3,150, రీపర్లు 3,120, మెష్ 2,210, మేకులు, బందులు 900, తారు, నూనె 1,100, ఆటో బాడుగలు 1,200. మేస్త్రికి, కూలీకి కలిపి 5,900. మొత్తం 20,960. మొదట వేసుకున్న 12 వేల లెక్కలో మెష్ లేదు, బాడుగలు లేవు, తుపాను లేదు. కూలీ అందులో సగమే.

ఇప్పుడు పెరట్లో కొత్తగా నాటిన వంగ పూతకొచ్చింది. తల్లికుక్కకు వీధి కుళాయి దగ్గర అత్తయ్య రెండు పూటలా అన్నం పెడుతున్నారు, అది పెరటి వైపు రావడం చాలావరకు తగ్గించింది. మా ఇద్దరికీ తేలనిది ఒక్కటే: దడి పొడవునా బీర పాదులు పాకించాలని ఆమె అంటారు. తీగ కమ్ముకుంటే కర్ర ఎప్పుడూ తడిగానే ఉంటుందని, ఏటా వేసవికి ముందు నూనె పూయడానికి చోటే దొరకదని నేనంటాను. మేస్త్రిని అడిగితే ఆయన నవ్వి, గేటు పక్కనున్న రెండు తాటి గుంజలకు మాత్రం పాకించుకోమన్నారు. అత్తయ్య మూడో గుంజకు కూడా గింజలు పెట్టేశారు.